తూము చెడిందా, చెయ్యి పోయిందా

చెరువుల చరిత్ర రాసేవాళ్లు మట్టి గురించి, రాయి గురించి రాస్తారు. ఎవరు తవ్వించారు, కట్ట ఎంత పొడవు, గండి ఎప్పుడు పడింది, పూడిక ఎంత చేరింది అన్న విషయాలే శాసనాల్లోనూ ఇంజనీర్ల అంచనాల్లోనూ కనిపిస్తాయి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, చెరువును చెరిచే ఆరు దోషాలను అందులో వరసగా చెప్పారు. కట్ట కారడం, నేల చవుడు కావడం, రెండు రాజ్యాల సరిహద్దులో పడటం, చెరువు నడుమ మెరక ఉండటం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం ఆ ఆరు. ఇంత నిశితంగా చూసిన కన్నుకు కూడా ఒక దోషం కనిపించలేదు. తూము ఎత్తే మనిషి లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్న ఆ జాబితాలో లేదు. ఆనాడు అలాంటి మనిషి లేకుండా పోతాడని ఎవరూ అనుకుని ఉండరు. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో, మంజీర ఒడ్డున ఉన్న మనూరు వైపు చిన్న నీటి వనరుల గతాన్ని చూస్తే ఆ ఏడో దోషమే మిగతావాటికి దారితీసిందని నా వాదన. ఇక్కడ ముందు సడలింది నీళ్లు పంచే చెయ్యి. తర్వాత జరిగిన మరమ్మతుల్లో చాలా భాగం ఆ చేతిని వదిలేసి తూముకే జరిగాయి.

చెడింది ఏదో తేల్చుకునే పద్ధతికి మంచి నమూనా చాలా దూరాన, చలిదేశాల ఇళ్లలో దొరుకుతుంది. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో తెలుగువాళ్లు కాపురాలుంటున్న ఇళ్లలో కొన్నింటిని వేడినీటి గొట్టాలతో వెచ్చబెడతారు. నేలమాళిగలో బాయిలర్ ఉంటుంది. ఇంటిని రెండు మూడు భాగాలుగా విడదీసి, ఒక్కో భాగానికి ఒక వాల్వు, ఆ వాల్వు నెత్తిన దాన్ని తిప్పే చిన్న మోటారు పెడతారు. ఆ మోటారునే యాక్చువేటర్ అంటారు. గోడమీది థర్మోస్టాట్ చలిని పసిగట్టగానే మోటారుకు 24 వోల్టుల కరెంటు వెళ్తుంది, మోటారు వాల్వును తెరుస్తుంది. వాల్వు తెరుచుకున్నాక లోపలి చిన్న స్విచ్చు ఒకటి ఆ సంగతి బాయిలర్‌కు చేరవేస్తుంది. కరెంటు ఆగితే స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. ఒక గది చల్లగా ఉండిపోయిందని పిలిస్తే పని తెలిసిన మెకానిక్ వస్తూనే గొట్టం కోయడు. ముందు మీటరు పెట్టి, థర్మోస్టాట్ పిలుపు మోటారు దాకా వచ్చిందా అని చూస్తాడు. కరెంటు వచ్చినా కదలిక లేకపోతే మోటారు పోయిందో, వాల్వు బిగిసిందో తేలాలి. ఆ తర్వాత పక్కనున్న చిన్న మీటను చేత్తో నెట్టి చూస్తాడు. స్ప్రింగు పట్టు తగులుతూ మెల్లగా జరిగితే వాల్వు బాగున్నట్టు, బిగుసుకుపోతే లోపల తుప్పో మడ్డో పట్టినట్టు. వాల్వు తెరుచుకుని కూడా బాయిలర్ రాజుకోకపోతే తిరుగు కబురు పంపే స్విచ్చు పోయి ఉండవచ్చు. చాలా రకాల్లో గొట్టాల నీళ్లు తీయకుండానే మోటారు తలను విప్పి కొత్తది పెట్టవచ్చు. ఈ పరీక్షలోని తెలివి ఒక్కటే. పిలుపు, చెయ్యి, తలుపు, తిరుగు కబురు అనే నాలుగింటిని అది వేరువేరుగా చూస్తుంది. బయటికి కనిపించే రోగం మాత్రం నాలుగింటికీ ఒకటే, చల్లటి గది. ఎండిన మడి కూడా అలాంటిదే, తనంతట తాను కారణం చెప్పదు.

ఆ మోటారు పుట్టక ముందు అక్కడా మనిషే ఉన్నాడు. విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్‌లోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వారెన్ జాన్సన్ పాఠాలు చెప్పే రోజుల్లో, బడి పనివాడు ఒక్కో తరగతి గదికీ వచ్చి వెచ్చదనం చూసుకుని, మళ్లీ నేలమాళిగలోకి దిగి పొయ్యి గాలిమూతలు సరిచేసేవాడు. పాఠం మధ్యలో ఈ రాకపోకలు జాన్సన్‌కు చిరాకయ్యాయి. గదిలోంచే కిందికి కబురు పంపే విద్యుత్ సాధనానికి ఆయన 1883లో పేటెంటు తీసుకున్నాడు. మొదట్లో అది పనివాడికి గంట మాత్రమే కొట్టేది. పనివాడి రెండు కాళ్ల పని తీగ చేసింది, చేతి పని అప్పటికి మిగిలే ఉంది. గాలి ఒత్తిడితో వాల్వులను నడిపే ఏర్పాట్లు వచ్చాక ఆ పనీ పోయింది. అక్కడ మనిషిని తీసేసినవాళ్లు అతను చేసే పనులను ఒక్కొక్కటిగా విడదీసి, ఒక్కోదానికి ఒక్కో వస్తువును పెట్టారు. మన దగ్గర మనిషి పోయాడు గానీ అతను చేసే పనులు ఎన్నో ఎవరూ లెక్క పెట్టుకోలేదు.

పాత తూము కట్టడంలో ఈ పనులన్నీ కనిపిస్తాయి. కట్టకు లోపలి వైపు, నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలబెడతారు. వాటి మధ్య అడ్డంగా రాతి పలకలు, ప్రతి పలకకూ నడుమ రంధ్రం ఉంటాయి. ఆ రంధ్రాల గుండా పైనుంచి కింది దాకా ఒక పొడవాటి కర్ర దిగుతుంది. కర్ర అడుగున కూసుగా చెక్కిన బిరడా, కట్ట కిందుగా పోయే కాలువ నోటిమీది రంధ్రంలో కూర్చుంటుంది. బిరడా మీద నీళ్ల బరువు ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. రంధ్రం 20 సెంటీమీటర్ల వెడల్పు, పైన 3 మీటర్ల నీళ్లు ఉన్నాయనుకుంటే బిరడాను నొక్కే బరువు సుమారు 94 కిలోలు, కర్ర బరువు దీనికి అదనం. నిండు చెరువులో తూము ఎత్తడం ఒంటిచేతి పని కాదని ఈ లెక్కే చెబుతుంది. చెయ్యి జారితే బిరడా తనంతట తానే మూసుకుంటుంది. అంటే కర్ర పట్టినవాడు పడిపోయినా చెరువు ఖాళీ కాదు, మడి మాత్రమే ఎండుతుంది. స్ప్రింగుతో మూసుకునే వాల్వు చేసినవాళ్ల ఆలోచన కూడా ఇదే. ఇంకొక సూక్ష్మం ఉంది. నీటి లోతు నాలుగో వంతుకు తగ్గితే తూములోంచి వచ్చే ధార సగానికి తగ్గుతుంది. కార్తీకంలో వేలెడు ఎత్తితే సరిపోయిన తూమును మాఘంలో అదే కొలతకు ఎత్తితే చివరి మళ్లకు తడి అందదు. కాబట్టి ఎంత ఎత్తాలన్నది రోజురోజుకూ మారే లెక్క. ఆ లెక్క కాగితం మీద ఉండేది కాదు.

దాన్ని మోసినవాడు నీరటి. తెలంగాణ ఊళ్లలో తూము ఎత్తడం, దించడం, కాలువ వెంట నడిచి ఏ మడికి ఎంత తడి అందిందో చూడటం, వంతు మార్చడం, వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద తిరిగి ఎండ్రకాయ బొరియో ఎలుక బొక్కో కనిపిస్తే మూయడం, మత్తడి (అలుగు) దుంకే సూచన ఉంటే ఊరికి చెప్పడం అతని పనులు. చెరువు కింది ఆయకట్టు ఒకే ముక్క కాదు. పై కాలువ, కింది కాలువ, తలాపు మళ్లు, చివరి మళ్లు అని వేరువేరు భాగాలుగా ఉండేది. ఆబి (వానాకాలం) పంటకు నీళ్లు ఉన్నంత వరకు గొడవ తక్కువ. తాబికి (యాసంగికి) వచ్చేసరికి చెరువులో మిగిలిన నీటిని చూసి ఈ ఏడు ఇంత భూమికే నీళ్లని ముందే ఖరారు చేసేవాళ్లు. దాన్నే తైబందీ అంటారు. ఆ మాట ఇప్పటికీ నీటిపారుదల శాఖ కాగితాల్లో బతికే ఉంది. తైబందీ ఎవరు ఖరారు చేసినా దాన్ని నేలమీద నడిపేవాడు నీరటే. పిలుపు అతనికే వచ్చేది, కర్ర అతనే ఎత్తేవాడు, బిరడా బిగుసుకుందా లేక కింద పూడిక అడ్డం పడిందా అన్నది అతని చేతికే తెలిసేది. చివరి మడి దాకా నడిచి వచ్చి తడి అందిందో లేదో చెప్పేవాడూ అతనే. మెకానిక్ వేరువేరుగా చూసే ఆ నాలుగూ ఇక్కడ ఒక్క మనిషిలో కలిసి ఉన్నాయి. వంతు కాని వేళ తూము తెరిచేవాడికి జరిమానా వేయాలని కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ఉంది. దొంగతనంగా తెరవడం అంత పాత నేరం కాబట్టే కాపలా కూడా అంత పాత పని.

మనూరు వైపు ఈ పనికి విలువ ఇంకా ఎక్కువ. తూర్పు మెదక్‌లో ఉన్నంత దట్టంగా ఇక్కడ గొలుసు చెరువులు లేవు. ఇది జొన్న, కంది పండే మెట్ట నేల. వాన వెనకాడే ప్రాంతం. నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనతోనే మెదక్‌లో కలిసింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడ్డాక దాని భాగమైంది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపించే సరిహద్దు సీమ ఇది. పోరుమామిళ్ల శాసనం చెప్పిన సరిహద్దు దోషం ఒక రకంగా దీనికీ వర్తిస్తుంది. పాలించేవారి దృష్టిలో ఈ తాలూకా ఎప్పుడూ ఒక అంచే. పక్కనే ఉన్న బీదర్‌లో బహమనీల కాలపు కరేజ్ ఉంది. భూగర్భంలో సొరంగం తవ్వి, నడుమ నడుమ గాలిబావులు పెట్టి ఊటనీటిని వాలుగా పట్టణానికి తెచ్చిన ఏర్పాటు అది. సొరంగం శుభ్రంగా ఉంచితే చాలు, నీళ్లు వాటంతట అవే పారతాయి. రోజూ ఎత్తి దించే బిరడా పని అందులో లేదు. చెరువు అలా కాదు. నీళ్లను ఆపి ఉంచి, అడిగినప్పుడు అడిగినంత వదలడం కోసమే అది పుట్టింది. తక్కువ చెరువులున్న చోట ఒక్కో చెరువు మీద ఎక్కువ ఇళ్లు ఆధారపడతాయి, వంతు తప్పితే నష్టమూ ఎక్కువే. చెరువులు తక్కువైన చోట నీరటి గురించి ఇంత చర్చ అవసరమా అనేవారికి నా సమాధానం ఇదే.

ఆ చెయ్యి ఎలా పోయిందన్నది ఒక్క రోజు కథ కాదు. నిజాం రాజ్యంలో నీరటికి జీతం ఉండేది కాదు. కొంచెం ఇనాం భూమి, కల్లం దగ్గర రైతులిచ్చే గింజలు, అంతే. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1955లో హైదరాబాద్ ఇనాంల రద్దు చట్టం వచ్చింది. గమనించాల్సింది ఏమంటే, ఊరికో సర్కారుకో పనికొచ్చే సేవ కోసం ఇచ్చిన ఇనాంలను ఆ చట్టం పక్కన పెట్టింది. సేత్‌సింధీ, బలుతా ఇనాంలతో పాటు నీరడి (నీరటి) ఇనాంను పేరు పెట్టి మరీ మినహాయించింది. అంటే 1955లో శాసనం రాసినవాళ్లకు ఈ పని ఆగితే ఊరి నీళ్లు ఆగుతాయని తెలుసు. అయితే భూమి మిగిలినంత మాత్రాన పని మిగలదు. గింజలిచ్చే అలవాటు సడలింది, నీరటి కొడుకులు పట్నం పనులకు వెళ్లారు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. పెత్తనం పోవడం మంచిదే. కానీ ఏ మడికి తడి అందింది, ఏ మడికి శిస్తు వేయాలి అన్న లెక్కలో నీరటి తెచ్చే కబురును రాసుకునే మనిషి కూడా దానితోనే పోయాడు. ఆ తర్వాత నీరటి వారసులు గ్రామ సేవకులుగా, ఇంకా తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకులుగా (వీఆర్ఏలుగా) రెవెన్యూ ఆఫీసు కింద చేరారు. చేతిలోకి ఫైళ్లు వచ్చాయి, చాటింపులు వచ్చాయి, తూము కర్ర మాత్రం జారిపోయింది. పని పేరు కాగితం మీద చెరగకుండానే పని చెరిగిపోయింది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. వెట్టిని వెనకేసుకొస్తున్నారా అని. అది న్యాయమైన ప్రశ్న, తేలిగ్గా దాటేయరాదు. నీరటి పని ఎక్కువగా దళిత కుటుంబాల మీద పుట్టుకతో పడిన బరువు. వద్దనే హక్కు లేదు, పండగ లేదు, రాత్రి లేదు. చెరువు తెగితే నింద ముందు అతని మీదే. చివరి మడికి నీళ్లు పారించేవాడికి సొంత మడి ఉండకపోవచ్చు, ఉన్నా అది చివరిదే కావచ్చు. పటేలు పొలానికి వంతు దాటి నీళ్లు వదలమంటే కాదనే బలం అతనికి ఉండేది కాదు. కాబట్టి పాత వంతులన్నీ న్యాయంగా నడిచాయని చెప్పడం చరిత్ర అనిపించుకోదు. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం వెట్టి మీద పోరాడింది. ఆ సంఘం నుంచే ఎదిగిన ఆంధ్ర మహాసభ తొలి సమావేశం 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన జోగిపేట, ఇదే మంజీర సీమలోని ఊరు. ఆ ఉద్యమాలు చేసిన పనిలో తప్పు లేదు. తర్వాతి ప్రభుత్వాలు చేయకుండా వదిలేసిన పనిలో ఉంది లోపం. వెట్టిలో రెండు ముడులున్నాయి. ఒకటి దాస్యం, రెండోది అవసరమైన పని. మొదటిది తెంచినప్పుడు రెండోదానికి కూలీ కట్టాల్సింది. తరతరాలుగా ఉచితంగా దొరికిన పనికి ఖరీదు ఉంటుందని ఎవరికీ తోచలేదు. చెరువు మరమ్మతు అంచనాల్లో సిమెంటుకు ధర ఉంటుంది, రాయికి ధర ఉంటుంది, తూము ఎత్తే మనిషికి పద్దే ఉండదు. వెట్టి మిగిల్చిన చివరి అన్యాయం అదేనని నాకనిపిస్తుంది. ఉచితంగా దొరికిన పనిని పనిగా చూసే అలవాటు మనకు లేకుండా చేసింది.

రెండో అభ్యంతరం బోరుబావుల నుంచి వస్తుంది. చెరువులను చంపింది నీరటి లేకపోవడం కాదు, కరెంటు మోటార్లు అంటారు. ఇందులో చాలా నిజం ఉంది. ఎవరి బోరు వాళ్లకుంటే ఉమ్మడి తూము అక్కర్లేదు, వంతు అక్కర్లేదు. కానీ రైతు బోరుకు ఎందుకు వెళ్లాడన్న ప్రశ్నను ఈ వాదన వదిలేస్తుంది. బోరు చవకేమీ కాదు. నీళ్లు పడతాయో లేదో తెలియని చోట అప్పు చేసి తవ్వించడం జూదం. చెరువు వంతు నమ్మదగినదిగా ఉన్న చోట ఆ జూదానికి తొందర తక్కువ. వంతు ఎప్పుడొస్తుందో చెప్పే మనిషే లేని చోట తొందర ఎక్కువ. బోర్లు పెరగడం చెరువు పంపకం సడలడానికి కారణం మాత్రమే కాదు, దాని ఫలితం కూడా. ఆ మాటకొస్తే బోరు కథలోనూ చేతి సమస్య మళ్లీ వచ్చింది. వ్యవసాయానికి కొన్ని గంటలే, అదీ రాత్రిపూట కరెంటు వచ్చే రోజుల్లో రైతులు మోటార్లకు ఆటోస్టార్టర్లు బిగించారు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే నడుస్తుంది, చీకట్లో పాము భయంతో పొలానికి పోవాల్సిన అవసరం లేదు. ప్రాణాలు కాపాడిన పరికరం అది. కానీ దానికి పిలుపు తెలుసు, చెయ్యి ఉంది, తిరుగు కబురు లేదు. మడి నిండిందా లేదా అన్నది దానికి పట్టదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఇవ్వబోయే ముందు, ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరాల్సి వచ్చింది. రోజంతా కరెంటు ఉంటే అవి రోజంతా నీళ్లు తోడి భూగర్భాన్ని ఖాళీ చేస్తాయన్న భయం అందుకు కారణం.

చెరువుల వైపు జరిగిన మరమ్మతులు ఎక్కువగా తలుపుకే జరిగాయి. రాతి స్తంభాలు, కర్ర ఉన్న చోట ఇనుప మరకడ్డీ, తిప్పే చక్రం, షట్టరు వచ్చాయి. మరకడ్డీకి ఒక గొప్పతనం ఉంది, వంద కిలోల బరువును కూడా ఒక్క మనిషి తిప్పి ఎత్తగలడు. ఒక దోషమూ ఉంది. కర్ర పట్టినవాడికి కింద రాయి అడ్డం పడితే చేతిలో తెలిసేది. చక్రం తిప్పేవాడికి అది తెలియదు. షట్టరు కింద రాయి ఇరుక్కున్నా బలంగా తిప్పితే కడ్డీ వంగుతుంది. గ్రీజు పెట్టేవాడు లేక మర తుప్పు పడుతుంది. అలాంటి చోట షట్టరు చెడిందని రాసి కొత్త షట్టరుకు అంచనా వేస్తారు. ఇంటి వేడినీటి వాల్వు దగ్గర మెకానిక్ మీటను నెట్టి చూసే ఆ చిన్న పరీక్ష ఇక్కడ జరగదు, ఎందుకంటే గత వారం అది ఎంత సులువుగా కదిలిందో చెప్పగలిగినవాడు లేడు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల చేతికే సాగునీటి నిర్వహణ ఇస్తూ చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలను పెట్టింది. ఆలోచన సరైనదే. సంఘానికి అధ్యక్షుడున్నాడు, ఎన్నికలున్నాయి, పనుల బిల్లులున్నాయి. రాత్రి తూము దగ్గర ఎవరుండాలన్నది మాత్రం తేలలేదు. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ ఆ తర్వాతి పెద్ద ప్రయత్నం. రాష్ట్రంలోని 46 వేలకు పైగా చిన్న నీటి వనరులను బాగుచేయాలన్నది లక్ష్యం. పూడిక తీశారు, కట్టలు బలపరిచారు, తూములు, మత్తళ్లు మరమ్మతు చేశారు. తీసిన మట్టి పొలాలకు ఎరువైంది. దాన్ని తక్కువ చేయడం అన్యాయం. పూడిక నిండిన చెరువుకు ఎంత మంచి నీరటి ఉన్నా ప్రయోజనం లేదని ఒప్పుకోవాలి. అయితే పూడిక కూడా నిర్వహణ లేకపోవడం వల్లే అంతగా పేరుకుంది. శరీరాన్ని బాగుచేసి చేతిని అలాగే వదిలేస్తే పదిహేనేళ్లకు మళ్లీ అదే అంచనా వేయాల్సి వస్తుంది.

చిన్న చెరువుల నుంచి మంజీర మీది పెద్ద కట్టడాలకు వస్తే దూరం అనే కొత్త చిక్కు చేరుతుంది. ఘనపురం ఆనకట్ట కింద మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువలు పారే కాలంలోనూ, 1923లో మొదలై 1931కి పూర్తయిన నిజాంసాగర్ కాలంలోనూ కాలువ మీద లష్కర్లు ఉండేవాళ్లు. లష్కర్ అంటే సర్కారు జీతం ఉన్న నీరటి అనుకోవచ్చు. నీరటికి దక్కని జీతం అతనికి దక్కింది, ఊరి మడులతో నీరటికి ఉన్న పరిచయం అతనికి ఉండకపోయినా. 1980 దశకంలో పూర్తయిన సింగూరు జలాశయం ఇంకో మెట్టు దూరం జరిగింది. దాదాపు 30 టీఎంసీల ఆ నీళ్లు ప్రధానంగా హైదరాబాద్ తాగునీటికి ఉద్దేశించినవి. మనూరు మండలం ఊళ్ల అంచుల దాకా వెనకజలాలు నిలిచాయి, ఆ నీళ్లను వదలాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం రాజధానిలో జీవోగా పుట్టింది. సింగూరు నుంచి ఘనపురానికి నీళ్లు వదలమని మెదక్ రైతులు ధర్నాలు చేసిన సందర్భాలను ఈ కోణంలోంచి చూడాలి. పిలుపుకూ చేతికీ మధ్య నూరు కిలోమీటర్లు పెరిగితే పిలుపు ధర్నా రూపం తీసుకుంటుంది. 2016 ఆగస్టు 7న కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథతో గొట్టాలు, వాల్వులు ఇంటింటి దాకా వచ్చాయి. ఇప్పుడు ఊరి వాటర్‌మన్ వీధుల వారీగా వాల్వులు తిప్పుతాడు, ఈ పూట ఈ వాడకు, రేపు ఆ వాడకు. ఇంటి భాగాలకు వేరువేరు వాల్వులు పెట్టే చలిదేశపు ఏర్పాటుకు మన ఊళ్లో అతి దగ్గరి బంధువు ఇదే. చివరి వీధికి నీళ్లు రాకపోతే వాల్వు చెడిందంటారు. నిజానికి పైవీధిలో ఎవరో గొట్టానికి మోటారు బిగించి ఉండవచ్చు, ట్యాంకే నిండి ఉండకపోవచ్చు, వాటర్‌మన్‌కు నెలల జీతం బాకీ ఉండవచ్చు. చూడాల్సిన క్రమం మాత్రం మారదు.

సెన్సర్లు, రిమోట్‌తో నడిచే గేట్లు వచ్చేశాక ఇంకా మనిషి ఎందుకు అన్నది చివరి అభ్యంతరం. అవి రావాలి, తిరుగు కబురు పంపే పని వాటికి బాగా చేతనవును. పాత నీరటి వ్యవస్థలో అతి బలహీనమైన చోటు కూడా అదే, అతని మాట నమ్మడం తప్ప మరో సాక్ష్యం ఉండేది కాదు. కాలువ చివర నీటిమట్టం ఎంతుందో అందరికీ కనిపించేలా ఒక అంకె ఉంటే పటేలు వారసుడు వంతు దాటడం కొంచెం కష్టమవుతుంది. కానీ యంత్రం పెట్టినవాళ్లు దాని తర్వాతి కష్టం కూడా మోయాలి. జాన్సన్ తీగలు వచ్చిన దేశంలో నేటికీ మోటారు తలను మార్చే మెకానిక్ ప్రతి ఊళ్లో ఉన్నాడు, అతనికి గంటకు ఇంత అని కూలీ ఉంది. ఆ కూలీ లేని చోట ఆధునిక గేటు కూడా వంగిన మరకడ్డీ పక్కనే తుప్పు పడుతుంది.

2023లో తెలంగాణ ప్రభుత్వం వీఆర్ఏ వ్యవస్థను రద్దు చేసి, ఇరవై వేలకు పైగా ఉన్న ఆ ఉద్యోగులను పేస్కేలుతో రెవెన్యూ, మున్సిపల్, నీటిపారుదల, మిషన్ భగీరథ శాఖల్లో సర్దింది. నీటిపారుదల శాఖకు వెళ్లినవారిలో కొందరికి లష్కర్ పని వచ్చింది. వాళ్లలో నీరటి ఇంట పుట్టినవాళ్లూ ఉంటారు. తాత కల్లం దగ్గర గింజల కోసం నిలబడి చేసిన పనికి మనవడి పేరున నెల జీతం రావడం ఇదే మొదలు. అంతకు ముందు ఏడాది, 2022 ఫిబ్రవరి 21న, నారాయణఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగింది. వాటిలో బసవేశ్వర పథకం మనూరు మండలం బోరంచ దగ్గర సింగూరు నీటిని ఎత్తి 1.65 లక్షల ఎకరాలకు పారించాలన్న అంచనాతో వేసింది. పంపుల సామర్థ్యం, గొట్టాల వ్యాసం, కాలువల పొడవు, ముంపు ఎకరాలు లెక్కకట్టేవాళ్లు ఆ కాగితాల్లోనే ఒక్కో పిల్లకాల్వకు ఎంతమంది లష్కర్లు, వాళ్ల జీతం ఏ పద్దు కింద, చివరి మడి సంగతి వాళ్లు రోజూ ఎవరికి చెప్పాలి అన్న మూడు గళ్లు కూడా నింపవచ్చు.